బార్డర్‌లైన్ ఈసీజీ: ఐంథోవెన్ జీవితం ఏం చెబుతోంది?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య డయాగ్నస్టిక్ సెంటర్ల బోర్డులూ కనిపిస్తాయి. పొద్దున్నే పరగడుపున వెళ్లి, హెల్త్ చెకప్ ప్యాకేజీలోని పరీక్షలన్నీ చేయించుకుని వస్తే సాయంత్రానికి రిపోర్టులు ఫోన్‌కే వచ్చేస్తాయి. షుగర్, కొలెస్ట్రాల్ అంకెల పక్కన ఉండాల్సిన హద్దులు రాసి ఉంటాయి కాబట్టి వాటిని మీరే పోల్చి చూసుకోగలరు. చిక్కంతా గళ్ల కాగితం మీది ఈసీజీతోనే. దాని పైమూల బార్డర్‌లైన్ ఈసీజీ అని ఇంగ్లిష్‌లో అచ్చయి ఉంటే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. ఒకరు ఏం కాదులే అంటారు. మరొకరు రేపే యాంజియోగ్రామ్ చేయిద్దామంటారు.

రెండూ తొందరపాటు మాటలే. ఆ గీతను ఎలా చదవాలో తెలియాలంటే, దాన్ని మనకు ఇచ్చిన మనిషి జీవితం ఒకసారి తెలుసుకోండి. ఆయన పేరు విల్లెమ్ ఐంథోవెన్. గుండె గీసే గీతలో ఏది గుండెది, ఏది యంత్రానిది, ఏది ఆ రోజు ఆ మనిషి చేసిన పనిది అని విడదీయడానికే ఆయన జీవితంలో ఎక్కువ భాగం గడిచింది. మీ చేతిలోని రిపోర్టును చూడాల్సిన పద్ధతీ అదే.

జావా దీవిలో పుట్టి...

ఐంథోవెన్ 1860 మే 21న జావా దీవిలోని సెమరాంగ్‌లో పుట్టాడు. అప్పట్లో అది డచ్చివారి వలస ప్రాంతం. నేటి ఇండోనేషియాలో ఉంది. తండ్రి అక్కడ డాక్టరు. విల్లెమ్‌కు ఆరేళ్ల వయసులోనే ఆయన కన్నుమూశాడు. తల్లి కొన్నాళ్లు అక్కడే నెట్టుకొచ్చి, 1870లో ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకుని హాలెండ్‌లోని యుట్రెక్ట్ చేరింది. తండ్రి బాటలోనే నడవాలని ఆ కుర్రాడు వైద్యవిద్యలో చేరాడు.

చదువుతో పాటు ఆటలంటే ఇష్టం. వ్యాయామం, కత్తిసాము, పడవ నడపడం అన్నిట్లో ముందుండేవాడు. ఒకసారి కిందపడి మణికట్టు విరిగింది. చెయ్యి కదపకుండా కూర్చోవాల్సిన ఆ రోజుల్లో, అసలు ముంజేయి ఎలా తిరుగుతుందన్నదే ఆయనకు పరిశోధనాంశమైంది. దాని మీద ఒక వ్యాసం కూడా ప్రచురించాడు. శరీరం ఒక యంత్రంలా ఎలా పనిచేస్తుందో కొలిచి చూడాలన్న ఆసక్తి ఆయనకు అప్పటికే ఉండేది. 25 ఏళ్లకే లైడెన్ విశ్వవిద్యాలయంలో ఫిజియాలజీ ప్రొఫెసర్‌గా ఎంపికయ్యాడు. చివరిదాకా అక్కడే పనిచేశాడు.

పాదరసం గీసిన గీత

గుండె కొట్టుకున్న ప్రతిసారీ అందులో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. చర్మం దాకా వచ్చేసరికి అది దాదాపు ఒక మిల్లీవోల్టు, అంటే టార్చిలైటులో వేసే 1.5 వోల్టుల బ్యాటరీలో సుమారు 1,500వ వంతు. ఛాతీ కోయకుండా మనిషి శరీరం పైనుంచే దాన్ని మొదట నమోదు చేసినవాడు లండన్‌లోని ఆగస్టస్ వాలర్. అది 1887లో. తన బుల్‌డాగ్ జిమ్మీ పాదాలను ఉప్పునీటిలో ఉంచి అందరికీ ఆ ప్రయోగం చూపించేవాడు. 1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన ఫిజియాలజిస్టుల మహాసభలో వాలర్ ప్రదర్శనను ఐంథోవెన్ చూశాడు.

వాలర్ వాడిన పరికరంలో సన్నని గాజు గొట్టం, అందులో పాదరసం ఉండేవి. విద్యుత్తు మారితే పాదరసం మట్టం కదిలేది. కానీ పాదరసం బరువైనది, కదలిక నిదానం. గుండె వేగాన్ని అది అందుకోలేకపోయేది. దాంతో గీత మొద్దుబారి వచ్చేది. ఐంథోవెన్ ఆ లోపాన్ని లెక్కగట్టి, గణితం సాయంతో అసలు గీత ఎలా ఉండాలో తేల్చాడు. 1895 నాటికి అలా సరిచేసిన గీతలోని అలలకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టాడు. మీ రిపోర్టులో కనిపించే పీఆర్, క్యూఆర్‌ఎస్, ఎస్‌టీ, క్యూటీ అన్న మాటలన్నీ ఆ అక్షరాల నుంచి వచ్చినవే.

మీరు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ఇక్కడే ఉంది. కాగితం మీద కనిపిస్తున్న తేడా గుండెదేనా, రికార్డు చేయడంలో వచ్చినదా? ఏసీ గదిలో చలికి వణికినా, మాట్లాడినా, గట్టిగా ఊపిరి తీసుకున్నా గీత ఊగుతుంది. కుడి, ఎడమ చేతుల క్లిప్పులు తారుమారైతే ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా జబ్బుపడినట్టు కనిపిస్తుంది. ఛాతీ మీద పెట్టే ఎలక్ట్రోడు ఒక పక్కటెముక పైకో కిందికో జరిగితే ఆర్ అల ఎదుగుదల సరిగా లేదనో, పాత గుండెపోటు అయి ఉండొచ్చనో యంత్రం అచ్చు వేయగలదు. అందుకే చాలాసార్లు డాక్టరు ముందుగా అడిగేది యాంజియోగ్రామ్ కాదు. ఈసీజీయే ఇంకోసారి, కదలకుండా పడుకోబెట్టి, సరిగా తీయించమంటారు.

270 కిలోల యంత్రం

లెక్కలతో సరిచేసుకునే అవసరమే లేని పరికరం కావాలని ఐంథోవెన్ స్ట్రింగ్ గాల్వనోమీటర్ తయారుచేశాడు. క్వార్ట్‌జ్‌ను కరిగించి లాగిన అతి సన్నని పోగుకు వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతం మధ్య వేలాడదీశాడు. గుండె విద్యుత్తు ఆ పోగులోంచి వెళ్లినప్పుడు అది అటూ ఇటూ కదులుతుంది. దాని నీడ కదులుతున్న ఫొటో పలక మీద పడి గీతగా మారుతుంది. 1901లో ఆ పరికరం గురించి ప్రకటించాడు. తర్వాత ఒకటి రెండేళ్లలోనే దానితో తీసిన గుండె గీతలు వెలువడ్డాయి.

యంత్రం బరువు సుమారు 270 కిలోలు. రెండు గదులు నిండేది. నడపడానికి ఐదుగురు కావాలి. అయస్కాంతం వేడెక్కకుండా నీళ్లు పారిస్తూ ఉండాలి. పరీక్ష చేయించుకునే మనిషి రెండు చేతులు, ఎడమ కాలు ఉప్పునీటి తొట్లలో ఉంచి కూర్చునేవాడు. ఇప్పుడు మీ చేతులకు, కాళ్లకు తగిలించే క్లిప్పులు ఆ తొట్ల వారసులే. రెండు చేతులు, ఎడమ కాలు కలిపి గీసిన ఆ త్రికోణాన్ని ఐంథోవెన్ ట్రయాంగిల్ అంటారు. లీడ్ 1, 2, 3 అందులోంచి వచ్చాయి. ఛాతీ మీద పెట్టే ఆరు లీడ్లు, మరో మూడు లీడ్లు ఆయన పోయాక 1930, 40లలో చేరాయి. అలా మొత్తం 12 అయ్యాయి.

సైకిల్ మీద వచ్చిన మనిషి

అంత బరువైన యంత్రాన్ని ఆసుపత్రికి మోసుకెళ్లలేరు. రోగులను ల్యాబ్‌కు తీసుకురావడమూ కష్టమే. అందుకని లైడెన్ ఆసుపత్రి నుంచి తన ల్యాబ్‌కు టెలిఫోన్ తీగ ద్వారా గుండె విద్యుత్తునే రప్పించాడు. దూరం సుమారు కిలోమీటరున్నర. మన లెక్కలో ఇంచుమించు అమీర్‌పేట మెట్రో స్టేషన్ నుంచి పంజాగుట్ట నిమ్స్ దాకా అనుకోండి. ఇప్పుడు ఫోన్‌లో ఈసీజీ ఫొటో తీసి డాక్టరుకు పంపుతున్నామే, దాని మొదటి రూపం అదే.

1905 మార్చి 22న ఆ తీగ మీదుగా వచ్చిన మొదటి గీత రోగిది కాదు. దృఢంగా, ఆరోగ్యంగా ఉన్న ఒక మనిషిది. అతని గీతలో ఆర్ అలలు మామూలు కంటే ఎత్తుగా వచ్చాయి. జబ్బేమైనా ఉందా? లేదు. పరీక్ష కోసం అతను ల్యాబ్ నుంచి ఆసుపత్రికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాడు. అలలు ఎత్తుగా రావడానికి అదే కారణమని భావించారు.

ఈరోజు ఇలాంటి గీతను చూస్తే, ఎడమ జఠరిక గోడ మందంగా ఉందేమోనని కంప్యూటర్ రాసి ఉండేదేమో. కంప్యూటర్‌కు వయసు, మగా ఆడా అన్నది, కొలతలు తెలుస్తాయి. మీరు సైకిల్ తొక్కి వచ్చారో, మెట్రో మెట్లు పరుగెత్తి ఎక్కారో, ముందు రోజు రాత్రంతా షిఫ్టులో ఉన్నారో దానికి తెలియదు. ఆ సంగతులు మనిషిని అడిగి తెలుసుకునేది డాక్టరే. కాగితం మీది మాట నిర్ధారణ కాదని, డాక్టరు చూడాలని చాలా రిపోర్టుల అడుగున చిన్న అక్షరాల్లో అచ్చయి ఉండేది అందుకే.

బార్డర్‌లైన్ అంటే ఏమిటి?

ఈసీజీ గీత సాధారణంగా సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున నడుస్తుంది. ఒక చిన్న గడి 0.04 సెకను, ఒక పెద్ద గడి 0.2 సెకను. కొలతలు మామూలు హద్దుకు అటో ఇటో కొద్దిగా తప్పినప్పుడు, లేదా మార్పు కనిపించినా దానికి ఫలానా జబ్బని చెప్పలేనప్పుడు యంత్రం బార్డర్‌లైన్ అని రాస్తుంది. తరచూ కనిపించేవి ఇవి:

- గుండె వేగం నిమిషానికి 60 కంటే కాస్త తక్కువ: రోజూ వ్యాయామం చేసేవారిలో, బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో మామూలే.

- వేగం 100 దాటడం: భయం, జ్వరం, రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా ఉండటం, అప్పుడే తాగిన కాఫీ వంటివి కారణం కావచ్చు.

- పీఆర్ వ్యవధి 0.2 సెకను దాటడం: పైగదుల నుంచి కిందిగదులకు సంకేతం కాస్త ఆలస్యంగా చేరుతోందని అర్థం. లక్షణాలేమీ లేకపోతే ఎక్కువమందిలో గమనిస్తూ ఉంటే సరిపోతుంది.

- నాన్ స్పెసిఫిక్ ఎస్‌టీ-టీ మార్పులు: పొటాషియం తగ్గినా, బీపీ ఉన్నా, కొన్ని మందుల వల్లా, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానూ వస్తాయి. కొందరిలో మాత్రం గుండె రక్తనాళాల్లో అడ్డంకికి ఇది తొలి జాడ కావచ్చు.

- అసంపూర్ణ రైట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, స్వల్ప ఎడమ యాక్సిస్: ఆరోగ్యవంతుల్లోనూ కనిపిస్తాయి.

- క్యూటీసీ హద్దు దగ్గర ఉండటం: కొన్ని యాంటీబయాటిక్స్, వాంతుల మందులు, మానసిక సమస్యల మందులు దీన్ని పెంచుతాయి. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఆపేయొద్దు.

పక్కన పెట్టకూడని మాటలు కూడా కొన్ని ఉన్నాయి. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, పాత గుండెపోటును సూచించే క్యూ అలలు, లోతుగా తలకిందులైన టీ అలలు, సెకండ్ లేదా థర్డ్ డిగ్రీ బ్లాక్, డబ్ల్యూపీడబ్ల్యూ, బ్రుగాడా, 500 మిల్లీసెకన్లు దాటిన క్యూటీసీ. ఇలాంటివి రాసి ఉంటే లక్షణాలేమీ లేకపోయినా వెంటనే కార్డియాలజిస్టును కలవాలి.

మంచానికి దగ్గరగా వచ్చిన గీత

1906లో ఐంథోవెన్ మామూలు గీతలను, జబ్బు గీతలను పక్కపక్కన పెట్టి ప్రచురించాడు. గుండె గోడ మందమైతే ఎలా ఉంటుంది, మధ్యలో అదనపు స్పందన వస్తే ఎలా ఉంటుంది, సంకేతం పూర్తిగా ఆగిపోతే ఎలా ఉంటుంది అన్నది అందులో చూపించాడు. ఆయన డాక్టరీ చదివినా రోజూ రోగులను చూసేవాడు కాదు, ల్యాబ్ మనిషి. ఆ గీతను రోగి మంచం దగ్గరకు తీసుకెళ్లినవాడు లండన్ వైద్యుడు థామస్ లూయిస్. గుండెదడతో వచ్చిన మనిషి నాడి పట్టుకుని, అతను చెప్పేది విని, ఆ గీతతో కలిపి చదివాడు. తన కనిపెట్టుబడికి లూయిస్ పని వల్లే విలువ వచ్చిందని ఐంథోవెన్ బహిరంగంగా ఒప్పుకున్నాడు.

మీ విషయంలోనూ అంతే. మిమ్మల్ని చూసి, అడిగి, ముట్టుకుని పరీక్షించిన డాక్టరు చేతిలో పడ్డాకే గీతకు అర్థం వస్తుంది. మీ పాత ఈసీజీ ఉంటే సగం పని తేలికవుతుంది. ఐదేళ్ల క్రితం కాగితంలోనూ ఇదే మార్పు ఉంటే అది చాలావరకు మీ గుండె సహజ తీరు. కొత్తగా వచ్చిందైతే ఎందుకొచ్చిందో వెతకాలి.

తర్వాత ఏ పరీక్ష అవసరమన్నది లక్షణాలను బట్టి, ముప్పును బట్టి మారుతుంది:

- లక్షణాల్లేవు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు లేవు: ఫిజీషియన్‌కు చూపించి, అవసరమైతే ఈసీజీ మళ్లీ తీయించుకుంటే ఎక్కువమందికి చాలు. హిమోగ్లోబిన్, పొటాషియం, థైరాయిడ్ పరీక్షలు రాయవచ్చు.

- బీపీ ఉంది, లేదా గుండె గోడ మందం అనుమానం, లేదా స్టెతస్కోప్‌లో తేడా శబ్దం: ఎకో. ఇది గుండె ఆకారాన్ని, పంపింగ్‌ను చూపిస్తుంది. రక్తనాళాల్లోని అడ్డంకిని నేరుగా చూపించదు.

- నడిస్తే, మెట్లెక్కితే ఛాతీలో బరువు, ఆయాసం వచ్చి, ఆగితే తగ్గుతోంది: ఇది ముఖ్యమైన సూచన. ఆలస్యం చేయకుండా కార్డియాలజిస్టును కలవండి. టీఎంటీ, సీటీ యాంజియోగ్రామ్ వంటి వాటిలో మీకు ఏది తగినదో ఆయనే నిర్ణయిస్తారు.

- అప్పుడప్పుడు గుండెదడ: 24 గంటలు లేదా అంతకంటే ఎక్కువసేపు నమోదు చేసే హోల్టర్. మామూలు ఈసీజీ చూసేది దాదాపు 10 సెకన్లే. దడ రోజుకోసారి వచ్చేదైతే ఆ 10 సెకన్లలో దొరకకపోవచ్చు.

- స్పృహ తప్పి పడిపోవడం, ముఖ్యంగా పరుగెత్తుతూనో ఆడుతూనో; కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం: ఈసీజీ బార్డర్‌లైన్ అయినా, నార్మల్ అయినా పూర్తి పరీక్ష తప్పనిసరి.

అన్ని పరీక్షలూ ఒకేసారి చేయించేస్తే మనసు కుదుటపడుతుందని అనుకోకండి. ముప్పు తక్కువగా ఉన్నవారిలో, ముఖ్యంగా మహిళల్లో, జబ్బు లేకపోయినా టీఎంటీ పాజిటివ్ రావచ్చు. అక్కడి నుంచి ఇంకో పరీక్ష, ఇంకో భయం మొదలవుతాయి. తగిన పరీక్ష తగినవారికి చేస్తేనే ఉపయోగం.

నార్మల్ అని రాసి ఉన్నా ఆగకూడని వేళ

ఇది మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. ఛాతీ మధ్యలో బరువుగా, బిగబట్టినట్టుగా నొప్పి, అది దవడకో, భుజానికో, చేతికో పాకడం, చల్లని చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవారిలో, పెద్దవయసువారిలో, మహిళల్లో నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగానే గుండెపోటు రావచ్చు. గ్యాస్ అనుకుని ఈనో తాగి పడుకోవడం, బండి మీద వెళ్లి ముందు ల్యాబ్‌లో ఈసీజీ తీయించుకుని చూద్దామనుకోవడం ప్రాణాల మీదకు తెస్తాయి.

గుండెపోటు మొదలైన తొలి నిమిషాల్లో ఈసీజీ నార్మల్‌గానో, బార్డర్‌లైన్‌గానో రావచ్చు. అందుకే ఎమర్జెన్సీలో కొద్ది కొద్ది నిమిషాల తేడాతో ఈసీజీ మళ్లీ మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. వారం క్రితం తీయించుకున్న నార్మల్ ఈసీజీ ఈరోజు నొప్పికి పూచీ ఇవ్వదు.

చివరిదాకా కొలుస్తూనే

1924లో ఐంథోవెన్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. అప్పుడాయన ఉపన్యాసాలు ఇస్తూ అమెరికాలో పర్యటిస్తున్నాడు. ఆ తర్వాత మూడేళ్లకు, 1927 సెప్టెంబరు చివర్లో, 67 ఏళ్ల వయసులో లైడెన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. అప్పటికి ఆయన యంత్రం చిన్నదవుతోంది. ఇప్పుడది నర్సు ఒంటిచేత్తో మంచం పక్కకు తెచ్చుకునేంత చిన్నదైంది.

యంత్రం చిన్నదైనా, దానికి కంప్యూటర్ తోడైనా, ఆయన పెట్టుకున్న ప్రశ్నలు మాత్రం మారలేదు. గీత సరిగా తీశారా? మునుపటి గీతతో తేడా ఉందా? ఆ గీత గీసినప్పుడు ఈ మనిషి ఎలా ఉన్నాడు?

కాబట్టి రేపు పొద్దున మీరు చేయాల్సింది ఇది. ఒంట్లో పైన చెప్పిన లక్షణాలేమీ లేకపోతే కంగారుపడకండి, రిపోర్టును బీరువాలో పడేయనూ వద్దు. ఈసీజీ అసలు కాగితం, పాత ఈసీజీలు, వాడుతున్న మందుల చీటీ, బీపీ, షుగర్ రీడింగులు ఒకే ఫైల్లో పెట్టుకుని కొద్దిరోజుల్లోనే మీ ఫిజీషియన్‌ను కలవండి. ఫొటో తీసి ఫోన్‌లో దాచుకోండి. కొన్ని కాగితాల మీద అచ్చు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది. ఎప్పుడైనా అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వెళ్లాల్సి వస్తే, పోల్చి చూసుకోవడానికి అక్కడి డాక్టరుకు ఆ పాత గీతే ఎంతో అక్కరకొస్తుంది.